ఐదడుగుల గీత

కైకలూరు బస్టాండులో దిగి ఆటపాక వైపు నడుస్తుంటే మొదటి పది నిమిషాల్లో కనీసం ఇద్దరు బండి స్లో చేస్తారు. "ఎక్కండి, దింపేస్తా." వద్దండీ, నడుస్తానంటే అర్థం కాదు. "పర్లేదండీ, నేనూ అటే." నడవడానికే వచ్చానండీ అంటే అసలే అర్థం కాదు. ఒకాయన నన్ను పైనుంచి కిందదాకా చూసి "డాక్టరు నడవమన్నారా?" అని అడిగాడు. అవునన్నాను. ఆయన తృప్తిగా వెళ్ళిపోయాడు. కొల్లేరులో నడకకి అసలు అడ్డం కుక్కలూ కాదు, ఎండా కాదు. మర్యాద.

మూడేళ్ళుగా డిసెంబరు, జనవరి నెలల్లో సెలవు దొరికినప్పుడల్లా ఈ పని చేస్తున్నాను. హైదరాబాదు నుంచి గుడివాడలో అమ్మా నాన్నల దగ్గరికి రావడం, పొద్దున్నే పల్లెవెలుగు ఎక్కడం, కొల్లేరు చుట్టుపక్కల ఎక్కడో ఓ చోట దిగడం, రెండు మూడు గంటలు నడిచి ఇంకో చోట ఇంకో బస్సు ఎక్కడం. మొదలైంది మాత్రం పుస్తకం వల్లే, ఒప్పుకోవాలి. ఇంగ్లండు తూర్పు తీరంలో సఫోక్ అనే పల్లపు ప్రాంతంలో కాలినడకన తిరుగుతూ సేబాల్డ్ రాసిన 'ద రింగ్స్ ఆఫ్ శాటర్న్' చదివాక, మనకీ ఒక పల్లపు తీరం ఉంది కదా, మనమూ నడవొచ్చు కదా అనిపించింది. ముప్పై దాటిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకి ఇలాంటివి వస్తుంటాయి. కొందరికి మారథాన్, కొందరికి మిల్లెట్లు.

తేడా ఏంటంటే, అక్కడ పొలాల మధ్యనుంచి పోయే కాలిబాటల మీద జనానికి నడిచే హక్కు చట్టంలోనే ఉంది. ఇక్కడ గట్టు ఎవరిదో వాళ్ళది. గట్టు మీద కొత్త మనిషి కనిపిస్తే చేపల దొంగన్నా అయ్యుండాలి, అధికారన్నా అయ్యుండాలి. మెడలో బైనాక్యులర్లు వేలాడుతుంటే రెండోదే అనుకుంటారు. అదే ప్రమాదం.

కారు వద్దని బస్సే ఎందుకంటే, బండి ఉంటే మళ్ళీ బండి దగ్గరికే రావాలి. బస్సయితే ఒకచోట దిగి ఇంకోచోట ఎక్కొచ్చు. రెండో కారణం ఒకసారి కిటికీ పక్కన కూర్చుంటే తెలుస్తుంది. కొల్లేరులో గుట్ట లేదు, దిబ్బ లేదు. వంతెనలు వదిలేస్తే మామూలు మనిషికి దొరికే ఎత్తయిన చోటు పల్లెవెలుగు కిటికీ సీటే. అక్కడినుంచి చూస్తే గట్ల అవతల నీళ్ళు కనిపిస్తాయి. అద్దం ముక్కలు పక్కపక్కన పేర్చినట్టు, ఒక్కో ముక్క ఒక్కో రంగులో: ఒకటి ఆకుపచ్చ, ఒకటి బూడిద, ఒకటి టీ రంగు. బస్సు దిగిన మరుక్షణం అదంతా మాయం. మన కళ్ళ ముందు గట్టు, గట్టు మీద కొబ్బరిచెట్లు, అంతే. సీటు మాత్రం ఈమధ్య దొరకడం లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి టికెట్ లేదు కదా, ముదినేపల్లి దాటేసరికి నించోడానికి కూడా చోటుండటం లేదు. పని మీద వెళ్ళేవాళ్ళు, పుట్టింటికెళ్ళేవాళ్ళు, ఊరికే పక్కూరి అక్కని చూసొద్దామని బయల్దేరినవాళ్ళు. ఒకావిడ నా బైనాక్యులర్లు తీసుకుని కిటికీలోంచి చూసి "ఏం లేదే, అన్నీ చెరువులేగా" అని తిరిగిచ్చేసింది. నా మూడేళ్ళ పరిశీలన ఆవిడ ఒక్క చూపులో తేల్చేసింది.

కొల్లేరు చూడాలని మొదటిసారి వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: కొల్లేరు ఎక్కడండీ? జవాబూ ఒకటే. చెయ్యి గుండ్రంగా తిప్పి, "ఇదంతా కొల్లేరే."

ఆటపాక నడక చిన్నది. కైకలూరు నుంచి రెండు కిలోమీటర్లు. అందరికీ చెప్పగలిగేది ఇదొక్కటే. పిల్లల్ని తీసుకెళ్ళొచ్చు, పడవ ఎక్కించొచ్చు. గూడబాతులకి ఇక్కడ గూళ్ళు కట్టుకోడానికి చెట్లు చాలక నీళ్ళలో ఇనుప స్టాండ్లు పాతి పెట్టారు. మొదటిసారి చూసినప్పుడు నాకు నచ్చలేదు. ఏదో గోడౌన్‌లో ర్యాకుల్లా ఉంటాయి, అంతస్తులు అంతస్తులుగా. కానీ గూడబాతులకి నా అభిరుచితో పనేముంది? పుల్ల మీద పుల్ల పేర్చుకుని, ఆ ఇనుము మీదే గుడ్లు పెట్టి, ఆ ఇనుము మీదే పిల్లల్ని పెంచుతున్నాయి. పొద్దున్న ఎనిమిదింటికి తల్లి వచ్చి వాలితే పిల్ల తన తలంతా తల్లి గొంతుసంచిలోకి దూర్చి, లోపలున్న చేపని లాక్కుంటుంది. చూడటానికి మింగేస్తోందా, మేపుతోందా తెలీదు. పక్క స్టాండు మీద ఎర్రకాళ్ళ కొంగలు, కింద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ. ఓ అరగంట అలా చూసేసరికి ఇనుప స్టాండ్లు కళ్ళకి అలవాటైపోతాయి.

ఆ చేప ఎక్కడిది అని మాత్రం చాలా రోజులు అనుకోలేదు.

కొల్లేరు గురించి రెండు ముక్కలు చెప్పాలి. గోదావరి, కృష్ణ రెండూ తమ ఒండ్రుమట్టితో సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ పోయినప్పుడు, రెండు డెల్టాల మధ్య నిండకుండా మిగిలిపోయిన పల్లం ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి వాగులన్నీ వచ్చి ఇందులో పడతాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. వానలప్పుడు నీళ్ళు వచ్చినంత వేగంగా పోలేవు కాబట్టి సరస్సు ఉబ్బుతుంది, వేసవిలో ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు బయటపడ్డ నేలలో వరి వేసుకునేవాళ్ళు, ఉబ్బినప్పుడు చేపలు పట్టుకునేవాళ్ళు. సరస్సు లోపలి ఊళ్ళని బెడ్ గ్రామాలంటారు, అవి 46. అంచున ఉన్నవి బెల్టు గ్రామాలు, 76. బెడ్డు, బెల్టు ఇప్పుడు తెలుగు మాటలే, ఎవర్నడిగినా చెప్తారు.

ఇలా ఊపిరి తీసుకున్నట్టు పెరిగి తగ్గే సరస్సుకి సరిహద్దు గీయాలంటే ఎలా? సముద్రమట్టం నుంచి ఎత్తు కొలిచి గీశారు. పది అడుగుల కాంటూరు వరకూ నీళ్ళు నిండితే కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. ఐదడుగుల కాంటూరు దగ్గర గీత గీస్తే 308. ఆ 308 చదరపు కిలోమీటర్లనే 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సర్ జాబితాలోకి ఎక్కింది. మూడో కాంటూరుకి తగ్గించెయ్యాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ వద్దంది. మూడో కాంటూరు దగ్గరైతే మిగిలేది సుమారు 135.

ఈ అంకెలు ఇంజినీరుగా నాకు ముందునుంచీ తెలుసు. నడిచాక గానీ ఒంటికి పట్టలేదు. ఐదడుగులు అంటే నా గడ్డం దాకా. మూడుకీ ఐదుకీ తేడా రెండడుగులు, నా మోకాలి కంటే కాస్త పైకి. కొండల దగ్గర రెండడుగులంటే ఒక మెట్టు, ఒక రాయి. ఇక్కడ రెండడుగులు కిందకి జరిపితే 173 చదరపు కిలోమీటర్లు సరస్సులోంచి బయటికొచ్చేస్తాయి. చదునైన నేలలో ఎత్తు ఉండదనుకుంటాం. ఎత్తు తప్ప వేరే గొడవే లేని చోటు ఇది. ఒకసారి కుతూహలం ఆగక, ఫోనులో ఎత్తు చూపించే యాప్ పెట్టుకుని గట్టు మీద నించున్నాను. పది నిమిషాల్లో నేను ఒకసారి సముద్రం అడుగునా, ఒకసారి మూడో అంతస్తులోనూ ఉన్నానని చెప్పింది. నా కాళ్ళు కదల్లేదు.

ఐదో కాంటూరు మా ఇంట్లో చాలాసార్లు వినిపించిన మాట. అయితే దాన్ని నేను చిన్నప్పుడు ఒక మనిషి పేరులాగా విన్నాను. "ఐదో కాంటూరు వచ్చిందంటే మన పని అయిపోయినట్టే" అనేవారు నాన్న. మాకు సరస్సు లోపల నాలుగెకరాల జిరాయితీ ఉంది. పట్టా భూమి, తాతల నాటిది. వరి రెండేళ్ళకోసారి మునిగేది. 1976 ప్రాంతంలో ప్రభుత్వమే మత్స్యకారుల సంఘాలకి చెరువులు తవ్వించి ఇచ్చింది, తర్వాత డబ్బున్నవాళ్ళు దిగారు, వరసగా అందరి పొలాలూ చెరువులయ్యాయి. మాదీ అయ్యింది. పక్కపక్కన ఉన్న రైతులంతా కలిపి ఇచ్చేస్తే లీజుదారు చుట్టూ గట్టు పోసి అరవై ఎకరాల చెరువు చేశాడు. మా నాలుగెకరాలు ఆ నీళ్ళ కింద ఎక్కడో ఉన్నాయి. హద్దు రాళ్ళు కూడా నీళ్ళలోనే. సంవత్సరానికోసారి డబ్బులొచ్చేవి. వరి ఎప్పుడూ అంత ఇవ్వలేదు.

2006 ఫిబ్రవరిలో నేను ఇంటర్ రెండో సంవత్సరం, విజయవాడలో హాస్టల్లో ఉన్నాను. సుప్రీంకోర్టు వేసిన కేంద్ర సాధికార కమిటీ చెప్పడంతో ఆపరేషన్ కొల్లేరు మొదలైంది. ప్రొక్లెయిన్లు దిగి గట్లు తెంచడం మొదలుపెట్టాయి. నాన్న ఫోను చేసి చెప్పింది రెండు మాటలే: "మనది కూడా కొట్టేశారు. నువ్వు చదువు చూసుకో." ఆ ఏడు ఇంజినీరింగులో చేరాను. మొదటి రెండేళ్ళ ఫీజు అమ్మ గాజులు. మూడో ఏడు వచ్చేసరికి చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి. మాదీ లేచింది. రాత్రిపూట లేచిందని తర్వాత తెలిసింది. మూడో ఏడు, నాలుగో ఏడు ఫీజు ఆ గట్టు కట్టింది.

దీన్ని నేను చాలాకాలం ఎలా దాచుకున్నానంటే, అసలు దాచినట్టే నాకు తెలీదు. హైదరాబాదులో చేరిన కొన్నేళ్ళకి అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' చదివాను. కొల్లేరు జనం, వాళ్ళ చేతుల్లోంచి జారిపోయిన సరస్సు. కదిలిపోయాను, స్నేహితులకి కొనిచ్చాను, ఒక సమీక్షలాంటిది కూడా రాశాను. ఆ సమీక్షలో 'వాళ్ళు' అని రాశాను. సరస్సుని మింగేసిన వాళ్ళు. అప్పుడు కూడా ప్రతి జనవరిలోనూ లీజు డబ్బు నాన్న ఖాతాలో పడుతూనే ఉంది. పుస్తకం చదివినంతసేపూ నేను ఎవరి పక్షమో నాకు బాగా తెలుసనుకున్నాను.

కొల్లేటికోట నడక గురించి చెప్పాలి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, కష్టమైనది కూడా అదే. కైకలూరులో బస్సెక్కి కండక్టర్ని తిరుగు బస్సు ఎప్పుడని ముందే అడిగి పెట్టుకోవాలి; చెప్పిన టైముకి అరగంట కలుపుకోవాలి. ఆలపాడు దగ్గర మలుపు తిరిగాక రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళే. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి. ఫాల్గుణమాసంలో జాతర జరుగుతుంది, అప్పుడు వెళ్తే నడవక్కర్లేదు, జనమే మోసుకుపోతారు. డిసెంబరులో ఉదయాన్నే అయితే గుడి ముందు నాలుగు కుక్కలు, ఒక కొబ్బరికాయల కొట్టు. దర్శనం చేసుకుని వెనక్కి ఆలపాడు దాకా నడిచేస్తాను. నీడ ఉండదు. టోపీ, రెండు నీళ్ళ సీసాలు, చెప్పులు కాదు బూట్లు. మంచు పడ్డ నల్లమట్టి చెప్పులకి పట్టుకుందంటే ప్రతి అడుగుకీ ఒక చెప్పు చొప్పున బరువెక్కుతుంది.

దారిలో ఏం కనిపిస్తుందంటే, చేపల మేత. బస్తాలకి చిల్లులు పెట్టి, తవుడూ వేరుశనగ చెక్కా నింపి, నీళ్ళలో పాతిన కర్రలకి వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర పొడుచుకు తింటుంటాయి. దూరం నుంచి ఆ కర్రల వరసలు పిల్లలు గీసిన గళ్ళకాగితంలా ఉంటాయి. వాసన మొదట వెగటు, తర్వాత ఆకలి. బొచ్చె, శీలావతి, రూప్‌చంద్, ఫంగస్. ఐసు వేసి లారీలకెత్తితే బెంగాలుకీ అస్సాముకీ పోతాయి. చెరువుకీ చెరువుకీ మధ్య ఎవరికీ చెందని సందుల్లో మాత్రం పాత కొల్లేరు ఇంకా మిగిలి ఉంది. బారెడు వెడల్పు కాలువ, గుర్రపుడెక్క, కిక్కిస దుబ్బు, ఒక బొల్లికోడి తోక ఎగరేస్తూ పరిగెత్తడం, తూటికాడ మీద లకుముకి పిట్ట. బస్సు కిటికీలోంచి ఇవి కనపడవు. నడిచేవాడికే దొరుకుతాయి. నేను నడిచేది వీటికోసమే అని చెప్పుకుంటాను.

పోయినసారి గుడి పక్కన ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. డెబ్భై ఉంటాయి. పక్కన కూర్చోమన్నాడు, కూర్చున్నాను.

"ఏ ఊరు బాబూ?"

"గుడివాడండీ."

"గుడివాడ సరే. అసలు ఊరు?"

చెప్పాను.

"ఎవరి తాలూకు?"

ఈ ప్రశ్న ఏం అడుగుతోందో మీకు చెప్పక్కర్లేదు. నాన్న పేరు నాలిక చివరిదాకా వచ్చింది. "మా అమ్మమ్మ వాళ్ళ ఊరండీ, నాకు అంతగా తెలీదు" అన్నాను. పచ్చి అబద్ధం. ఆయన తలూపాడు. నమ్మాడో లేదో తెలీదు, వల మీదనుంచి కళ్ళెత్తలేదు. చేపల గురించి అడిగితే పేర్లు చెప్పాడు: మట్టగిడస, ఇంగిలాయి, జెల్ల, వాలుగ, గొరక, కొర్రమీను. ఒక్కో పేరుకీ ఒక్కో నెల చెప్పాడు. ఇప్పుడు పడుతున్నాయా అంటే నవ్వాడు.

"ఎక్కడన్నా చెరువు గట్టు తెగితే ఆ పూట మాదే బాబూ. లేపోతే ఏముంది, కాలవల్లో వచ్చినకాడికి."

2006 గురించి కూడా అడిగాను. గట్లు కొట్టేస్తున్నప్పుడు సంతోషించి ఉంటారనుకుని అడిగాను. నా పుస్తకజ్ఞానం అది. ఆయన సూది ఆపి, "సంతోషమేముంది" అన్నాడు. "ఒక పక్క సరస్సు మాకొచ్చేత్తంది అన్నారు. ఇంకో పక్క చెరువుల్లో కూలి పోయింది. మా సంఘం చెరువు కూడా కొట్టేశారు. వలసెళ్ళిపోయినోళ్ళు ఎళ్ళిపోయారు. తర్వాత మళ్ళీ లేపినోళ్ళు లేపుకున్నారు. లేపగలిగినోళ్ళు."

ఆ ఆఖరి మాట నన్ను చూసి అన్నాడని అప్పుడు అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే అలా ఏం లేదు. వలకేసే చూశాడు.

ఏలూరు, కైకలూరు రోడ్డు ఉంది, అది నడకకి పనికిరాదు, లారీలు. అయినా ఒక్కసారన్నా బస్సులో ఆ రోడ్డున పోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచిందని అందరికీ తెలుసు. ఆ నీళ్ళు తర్వాత ఎక్కడికి పోయాయో చాలామంది పట్టించుకోలేదు. ఇక్కడికే వచ్చాయి. చిన్న ఎడ్లగాడి దగ్గర రోడ్డు మీదనుంచి పారాయి, రాకపోకలు ఆపేశారు, లంక గ్రామాలకి పడవలే దిక్కయ్యాయి. టీవీలో విజయవాడ బురద కడుక్కుంటున్నప్పుడు ఇక్కడ నీళ్ళు ఇంకా పెరుగుతున్నాయి. అడ్డంగా ఇన్ని గట్లుంటే పోయే నీరు నిదానంగా పోతుంది, ఇది లెక్క కట్టక్కర్లేని విషయం. అప్పుడు నేను హైదరాబాదులో ఫోను పట్టుకుని నాన్నని మొదట అడిగింది, "మన గట్టు నిలబడిందా?" అని. నిలబడింది. హమ్మయ్య అనుకున్నాను. అనుకున్నాక ఓ క్షణం ఆ హమ్మయ్య దగ్గరే ఆగిపోయాను.

ఈ డిసెంబరులో మా చెరువు చూడ్డానికి వెళ్ళాను. ముప్పై ఏడేళ్ళలో మొదటిసారి. ఏ ఊరి పక్కనో రాయను. నాన్న ఇలాంటివి చదవరు గానీ, చదివి చెప్పేవాళ్ళుంటారు. సర్వే నంబరు ఫోను మ్యాపులో గుర్తు పెట్టుకుని బస్సు దిగి, రోడ్డు వదిలేసి పంటకాలువ గట్టు పట్టుకున్నాను. పొద్దున్న ఏడు దాటింది. మంచు ఇంకా నీళ్ళ మీదే ఉంది. దూరంగా ఆటపాక వైపునుంచి గూడబాతులు వస్తున్నాయి, ఆరు, ఏడు, ఒక వరసలో, రెక్క ఆడించకుండా. అవి గాల్లో ఉన్నప్పుడు అంత బరువైన పక్షులని నమ్మబుద్ధి కాదు. బైనాక్యులర్లలోంచి వాటి వెంటే చూస్తూ వచ్చాను. కిందకి దిగాయి, కాళ్ళు ముందుకి చాపాయి, నీళ్ళని కోసుకుంటూ వాలాయి. ఫోను చూసుకుంటే నీలం చుక్క, నేను పెట్టుకున్న గుర్తు పక్కపక్కనే ఉన్నాయి. అవి వాలింది మా చెరువులో.

ఆటపాకలో పిల్ల తల దూర్చి లాక్కున్న చేప ఎక్కడిదో అప్పుడు తట్టింది. ఇల్లు అక్కడ, వంటిల్లు ఇక్కడ.

ఢామ్మని పేలింది. ఒకటి, వెంటనే ఇంకొకటి. పక్షులు నీళ్ళమీద పరిగెత్తి లేచాయి. గట్టు మీద గుడిసెలోంచి ఒకతను చేతిలో అగరొత్తితో వస్తున్నాడు, లక్ష్మీ ఔట్లు జేబులో. వెనకాల రెండు కుక్కలు. చెరువుకి అడ్డంగా మెరుపు రిబ్బన్లు కట్టి ఉండటం అప్పుడే గమనించాను. పాతికేళ్ళ కుర్రాడు, మాట శ్రీకాకుళం వైపుది. కుక్కల్ని అదిలించి, చాలా మర్యాదగానే అన్నాడు:

"ఇక్కడ తిరక్కూడదు సార్. చెరువు గలాయన ఒప్పుకోడు."

నాకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలేదు. నేనే ఆ గలాయన్ని అని చెప్పొచ్చు. కనీసం అరవైలో నాలుగు వంతులకి. చెప్పి, రేపట్నుంచి ఔట్లు పేల్చొద్దని కూడా చెప్పొచ్చు. అతను లీజుదారుకి ఫోను చేస్తాడు, లీజుదారు నాన్నకి చేస్తాడు, నాన్న నవ్వుతారు. ఒక్కో పక్షి మింగే చేపకి లెక్క చెప్పాల్సింది ఈ కుర్రాడు, జీతంలోంచి. సరే అన్నాను. ఎన్ని ఔట్లు పడతాయి రోజుకి అని అడిగాను. "ఈ సీజన్లో ఓ పెట్టె సార్. మద్దేల మరిగితే మళ్ళీ వచ్చేస్తాయి. అవీ ఏటి చేస్తాయి, పిల్లలున్నాయి కదా" అన్నాడు. టీ తాగుతారా అని కూడా అడిగాడు. తాగాను. గుడిసె ముందు గట్టు మీద కూర్చుని, అరవై ఎకరాల నీళ్ళకేసి చూస్తూ. ఏ నాలుగు మాదో తెలీలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చాక నాన్నకి చెప్పాను, చూసొచ్చానని.

"నీళ్ళెలా ఉన్నాయి?"

"పచ్చగా ఉన్నాయి."

"మంచిదే. సంతకం పెట్టావా?"

రెండేళ్ళ క్రితం నాన్నకి ఆరోగ్యం బాగోనప్పుడు భూమి నా పేరున కూడా రాయించారు. అప్పట్నుంచి లీజు కాగితం మీద నా సంతకం కావాలి. నిరుడు వాట్సాప్‌లో పంపితే ప్రింటు తీసి, పెట్టి, స్కాన్ చేసి పంపేశాను, రెండు మీటింగుల మధ్య. ఈ ఏడు కాగితం టీవీ పక్కన ఉంది.

"లేదు నాన్నా. ఆలోచిస్తున్నా."

"ఏం ఆలోచన?"

అక్కడ అభయారణ్యం, మన గట్టు ఉండకూడదు, వరద పోయే దారి, పక్షులు. నా వాక్యాలు నాకే సమీక్షలా వినిపించాయి. నాన్న కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఒరేయ్, మనం ఒక్కళ్ళం వద్దంటే ఏమవుతుంది? ఆ అరవైలో మన నాలుగు ఎక్కడుందని గట్టు తీస్తావు? పోనీ తీశామే అనుకో. వరి వేస్తే మునుగుద్ది. నష్టపరిహారం ఇస్తామని ఇరవై ఏళ్ళనుంచి అంటన్నారు. చెరువూ వద్దు, వరీ లేదు, ఏం చేద్దామో నువ్వే చెప్పు. ఇంజినీరువి కదా."

వెటకారం కాదు. నిజంగానే అడిగారు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. అమ్మ వంటింట్లోంచి, పక్షులేమన్నా కనిపించాయా అని కేకేసింది. కనిపించాయన్నాను.

రాత్రి ఆ కాగితం మొదటిసారి పూర్తిగా చదివాను. రెండు పేజీలు. హద్దులు, ఎకరాలు, గడువు, చెల్లింపు తేదీలు. ఎక్కడా చెరువు అన్న మాట లేదు, చేప అన్న మాట లేదు. 'వ్యవసాయ నిమిత్తం' అని ఉంది. కింద నాన్న సంతకం, పక్కన నాకోసం వదిలిన ఖాళీ.

పొద్దున్నే ఆరింటి బస్సుకి మళ్ళీ కైకలూరు వెళ్ళాను. కాగితం బ్యాగులో బైనాక్యులర్ల పక్కనే ఉంది, ఖాళీ ఖాళీగానే. ఆటపాక రోడ్డు మీద ఒకాయన బండి ఆపాడు. ఈసారి ఎక్కేశాను. స్టాండ్ల మీద పెద్ద పిల్లలు రెక్కలు విదిలించడం మొదలుపెట్టాయి. ఇంకో రెండు వారాల్లో ఎగురుతాయని పడవతను చెప్పాడు.